భూమి దాచిన వెచ్చదనము



గోదావరికి ఉత్తరముననున్న ఆదిలాబాదు సీమకును, దక్షిణముననున్న కరీంనగరు సీమకును చలి క్రొత్త చుట్టము కాదు. కడలి యొడ్డున నివసించు తెలుగువారికి చలి యనగా తెల్లవారుజామున కప్పుకొను దుప్పటి మాత్రమే. మనకట్లు కాదు. సిర్పూరు, తిర్యాణి, ఉట్నూరు, జైనూరు మొదలగు అడవి సీమలలో కొన్ని సంవత్సరముల పుష్యమాసమున ఉష్ణమాపకము 5 డిగ్రీలకు దిగువకు పోవుట కలదు. కేస్లాపురములో పుష్య అమావాస్యనాడు మెస్రం వంశపువారు నాగోబాకు పూజ సలుపు జాతరలో చలిమంటలు లేని రాత్రి యుండదు. శివరాత్రికి చలి శివశివా యని పోవునని మన పెద్దలు చెప్పుదురు గాని, అది పోవునందాక దాని నెట్లు ఓర్చుకొనవలయునన్నదే ప్రశ్న.

2016 అక్టోబరు 11న ఈ రెండు జిల్లాలును అనేక చిన్న జిల్లాలుగా విభజింపబడినవి. అయినను నేనీ ప్రసంగమున పాత పేర్లనే వాడుదును. చలి జిల్లాల సరిహద్దులను చూచి నడచునది కాదు గదా.

చరిత్ర యనగానే రాజుల జయాపజయములు, కోటలు, శాసనములు మనకు జ్ఞాపకమునకు వచ్చును. ఎలగందుల కోట, జగిత్యాల కోట, నిర్మలు కోట మన సీమకు అలంకారములే. కాని ఆ కోటల గోడల క్రింద నివసించిన సామాన్యులు రాత్రిని వెచ్చగా ఎట్లు గడపిరో అదియు చరిత్రయే. చలి ముందుగా తాకునది పసిబిడ్డలను, బాలింతలను, వృద్ధులను. ఇంటిలోని వెచ్చదనము కొందరికి సౌఖ్యము; కొందరికి ప్రాణము. కనుక ఈ విషయమును వినోదమునకై కాక, అవసరమని యెంచి మీ ముందుంచుచున్నాను.

ముందుగా మన ఇండ్లను చూతము. మా తరమువారు పుట్టిన ఇండ్లు మట్టి గోడల ఇండ్లు. గోడ మందము రెండడుగులకు తక్కువ యుండెడిది కాదు. వాకిళ్లు పొట్టివి, కిటికీలు కొద్ది, పైన గూనపెంకులు. గోండులును, కోలాములును వెదురు తడికలు అల్లి, వానికి మట్టియు పేడయు కలిపి మెత్తి గోడలు కట్టుకొనిరి. మందమైన మట్టిగోడ పగలంతయు ఎండను త్రాగి, రాత్రి మెల్లమెల్లగా ఆ వేడిమిని లోపలికి విడుచును. వేసవిలో అదే గోడ మధ్యాహ్నపు ఎండను సాయంకాలము వరకు లోనికి రానీయదు. ఇది ఏ పాఠశాలలోను నేర్పిన విద్య కాదు. తరతరములుగా చేతితో తడిమి తెలిసికొన్న విద్య. తరువాత సిమెంటు కప్పులును, రేకుల కప్పులును వచ్చినవి. అవి వానకు మేలైనవే, చెదలకు లొంగనివే. కాని పలుచని రేకు ఎండకు కాగినంత వేగముగ చలికి చల్లారును. రేకుల క్రింద శయనించిన వానికి చలియు వేసవియు రెండును రెట్టింపే.

ఇక కుంపటి. బొగ్గుల కుంపటి మన శీతకాలపు పాత నేస్తము. బాలింత మంచము క్రింద కుంపటి పెట్టని ఇల్లు పూర్వము లేదనవచ్చును. కాని యీ నేస్తము వెంట ఒక శత్రువు దాగి వచ్చును. తలుపులన్నియు బిగించిన గదిలో బొగ్గులు రగులుచుండగా, గాలి చాలక కార్బను మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది నెత్తురులో చేరి, ప్రాణవాయువు నిలువవలసిన చోటును ఆక్రమించును. నిద్రించువాడు మేలుకొనకయే మరణించును. పాత ఇండ్లలో పెంకుల సందులగుండ గాలి యాడుచుండుటచే ఈ యాపద కొంత తక్కువ. ఇప్పటి బిగువైన గదులలో ఆ సందులు లేవు. కావున పాత అలవాటును క్రొత్త ఇంటిలోనికి తీసికొనిపోవుట ప్రమాదకరము.

మంటలేని వెచ్చదనము కలదా? కలదు. అది మన కాళ్ల క్రిందనే యున్నది. మన పూర్వులకు దీని యానవాలు రెండు చోట్ల తెలిసియుండెను.

మొదటిది బావి. పుష్యమాసమున సూర్యోదయమునకు ముందు బావిలోనికి తొంగి చూచినచో నీటిమీద ఆవిరి తేలుచుండును. గిరకపై చేదిన మొదటి బొక్కెన నీరు వెచ్చగా నుండును. అదే నీరు రాత్రియంతయు గోలెములో నిలిచిన పిదప మంచువలె కొరుకును. వైశాఖమున అదే బావి నీరు చల్లగా తోచును. నిజమునకు బావి నీరు రెండు కాలములందును ఇంచుమించు ఒకే తీరుగ నుండును. మారినది మన చుట్టునున్న గాలియే.

రెండవది పాతర. భూమిలో గొయ్యి త్రవ్వి, గోడలకు గడ్డి పరచి, జొన్నలు నింపి, పైన మట్టి కప్పి పూడ్చుట మన రైతుల పూర్వపు టాచారము. వానకాలపు తేమయు, వేసవి యెండయు అంతగా సోకక ధాన్యము అందు నిలిచెడిది. పాతర తీయగానే లోనికి దిగరాదనియు, చెడుగాలి పోవువరకు ఆగవలయుననియు పెద్దలు హెచ్చరించుచుండిరి. లోపలి యుష్ణము నిలకడగా నుండుట ధాన్యమును కాచిన కారణములలో నొకటి.

ఈ నిలకడను మొదట కొలిచి వ్రాసిపెట్టినవారు పారిసు నగరపు ఖగోళ శాస్త్రజ్ఞులు. అచ్చటి నక్షత్రశాల క్రింద 28 మీటర్ల లోతున నేలమాళిగలు కలవు. అందు శీతోష్ణము ఏడాది పొడుగునను మారదని 1671లోనే గమనించిరి. 1783లో లవోయిజియే అను రసాయన శాస్త్రజ్ఞుడు తయారు చేయించిన సున్నితమైన ఉష్ణమాపకము నచ్చట నుంచిరి. పైన వీథులలో మంచు కురిసినను, ఎండ కాసినను, ఆ పాదరసము సుమారు 12 డిగ్రీల యొద్ద కదలక నిలిచెను.

దీనికి కారణము సులభమే. మట్టియు రాయియు వేడిని చాల నెమ్మదిగ నడిపించును. మన వేసవి వేడి పది పన్నెండడుగుల లోతునకు దిగుటకు సుమారు మూడు నెలలు పట్టును. అనగా మే నెల యెండ అచ్చటికి శ్రావణ భాద్రపదములలో చేరును; పుష్యపు చలి అచ్చటికి చేరునప్పటికి పైన ఉగాది దాటును. అంతేకాదు, దిగినకొలది దాని బలము సన్నగిల్లును. ముప్పది అడుగుల దిగువను వేసవికిని శీతకాలమునకును భేదము మిక్కిలి స్వల్పము. ఆ లోతున భూమి యొక్క ఉష్ణము ఆ సీమలోని సంవత్సరపు సగటు ఉష్ణమునకు దగ్గరగా నుండును. మన ఉత్తర తెలంగాణమున అది ఇంచుమించు 26 నుండి 28 డిగ్రీలు. పైన 8 డిగ్రీల చలి వణికించుచుండగా, బావి లోతున 27 డిగ్రీల వెచ్చదనము దాగియున్నది. పైన 44 డిగ్రీల యెండ మాడ్చుచుండగా, అదే లోతున అదే 27 డిగ్రీలు మనకు చల్లదనము.

ఇది సూర్యుడు భూమియందు దాచిన వేడిమి. ఇంతకంటె లోతున వేరొక వేడిమి కలదు. అది భూగర్భమునకు స్వంతమైనది. భూమి పుట్టుకనాటి వేడిమియు, శిలలలోని కొన్ని ధాతువులు తమంతట తామే క్షయించుటచే పుట్టు వేడిమియు కలిసి లోపలినుండి పైకి ప్రాకుచుండును. సామాన్యముగ ఒక కిలోమీటరు దిగినచో 25 నుండి 30 డిగ్రీల యుష్ణము పెరుగును. గట్టి పురాతన శిలలలో ఇంతకంటె తక్కువ. చిత్తూరు సీమనుండి పోయిన తెలుగువారు అనేకులు పనిచేసిన కోలారు బంగారు గనులు 3 కిలోమీటర్లకు మించి దిగినవి. 2001లో మూతపడిన ఆ గనుల అడుగున శిల యొక్క ఉష్ణము 60 డిగ్రీలను దాటెను. గాలిని చల్లబరచి పంపనిదే అచ్చట మనుష్యుడు నిలువలేడు.

ఈ లోపలి వేడిమి తనంతట తాను పైకి వచ్చు చోట్లే ఉష్ణగుండములు. ఆదిలాబాదువారికి దగ్గరి యుదాహరణము పెన్‌గంగ యొడ్డున కిన్వటు తాలూకాలోని ఉనకేశ్వరము. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజన జరుగువరకు కిన్వటు తాలూకా ఆదిలాబాదు జిల్లాలోనిదే. తరువాత నాందేడు జిల్లాలో చేరినది. అచ్చటి శివాలయము చెంత వేడినీటి యూట కలదు. శరభంగ మహర్షి చర్మరోగముతో బాధపడుచుండగా శ్రీరాముడు బాణముతో భూమిని భేదించి వేడినీటిని రప్పించెనని స్థలపురాణము. చర్మవ్యాధిగ్రస్తులు ఆ నీట స్నానము చేయుటకై దూరదేశములనుండి వచ్చుచుందురు.

గోదావరి వెంబడి దిగువకు పోయినచో భద్రాచలమునకు సమీపమున గుండాల కలదు. అచ్చట నదీతీరపు ఇసుకలో చెలిమ తీసినచో వేడినీరు ఊరును. శీతకాలమున త్రిమూర్తులు అచ్చట స్నానమాడుదురని భక్తుల నమ్మకము. పురాణము చెప్పినదానిని నేనిక్కడ తర్కించబోను. నేను గమనింపగోరునది ఒక్కటే. చలికాలపు స్నానమునకు భూమి స్వయముగ నీరు కాచి యిచ్చుచున్నదని మన పూర్వులు గుర్తించిరి. ఆ చోటును పవిత్రముగ కాపాడిరి.

ఇట్టి యూటలను లెక్కించి వ్రాసిన పని భారత భూగర్భ పరిశోధన శాఖది. దానికి మొదటి యధిపతియైన టామసు ఓల్డుహాం ఈ దేశపు వేడి యూటలు సుమారు 300 వరకు జాబితా కట్టెను. ఆయన 1878లో మరణించిన తరువాత, 1880ల తొలినాళ్లలో ఆ జాబితాను ఆయన కుమారుడు ప్రకటించెను. అదే శాఖకు చెందిన విలియం కింగు 1871లో ఇల్లెందు ప్రాంతమున బొగ్గును కనుగొనెను. ప్రాణహిత గోదావరి లోయ యొక్క భూగర్భ నిర్మాణమును గూర్చి 1881లో గ్రంథము ప్రకటించెను. ఆ బొగ్గు నుండియే 1889లో సింగరేణి గనుల యుత్పత్తి ఆరంభమయ్యెను. పిమ్మట బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని మొదలగు చోట్లకు గనులు వ్యాపించి మన రెండు జిల్లాల ముఖమే మారిపోయెను.

బొగ్గునకును వేడి యూటలకును సంబంధమేమని మీరడుగవచ్చును. రెండును ఒకే లోయ సంతానము. ఆదిలాబాదు తూర్పు భాగము నుండి కరీంనగరు అంచులను తాకుచు ఖమ్మము సీమ వరకు భూమి ఒక పొడవైన తొట్టివలె క్రుంగినది. ఆ తొట్టిలో కోట్ల సంవత్సరముల క్రిందట ఇసుకయు, బురదయు, అడవులును పొరలు పొరలుగా పూడి ఇసుకరాయిగను బొగ్గుగను మారినవి. తొట్టి అంచులలో లోతైన బీటలు కలవు. వాననీరు ఆ బీటలగుండ దిగి, లోపలి వేడికి కాగి, అనువైన చోట పైకి పొంగును. అంతేగాని అచ్చట అగ్నిపర్వత మేదియు లేదు.

మణుగూరు ప్రాంతమున పగిడేరు వద్ద వేసిన లోతైన బోరు నుండి వేడినీరు తనంతట తానే పైకి ఉబికినది. ఆ వేడిమితో సులభముగ మరగు వేరొక ద్రవమును మరగించి, ఆ యావిరిచే చక్రమును త్రిప్పి విద్యుత్తు పుట్టించుటకు సింగరేణి సంస్థ ఢిల్లీలోని శ్రీరాం పారిశ్రామిక పరిశోధన సంస్థ సహాయముతో 20 కిలోవాట్ల చిన్న ప్రయోగ యంత్రమును నెలకొల్పినది. 20 కిలోవాట్లు పెద్ద సంఖ్య కాదు. కాని 1904లో ఇటలీ దేశపు లార్దరెల్లోలో భూమి యావిరితో మొదటిసారి వెలిగినవి అయిదు దీపములే. ఏ పనియైనను చిన్నగనే మొదలగును.

వేడి యూట దొరకిన ఊరివారు దానిని ఇంటిలోనికి తెచ్చుకొనిన చరిత్ర చాల పాతది. ఫ్రాన్సు దేశమున షోద్‌జెగ్ అను గ్రామమున సుమారు 80 డిగ్రీల వేడినీరు ఊరును. 14వ శతాబ్దము నుండియే ఆ గ్రామస్థులు కాలువల మూలమున ఆ నీటిని ఇండ్ల క్రిందుగా పారించి గదులను వెచ్చబరచుకొనిరి. ఐస్‌లాండు రాజధాని రెక్యావికులో 1930 నుండి భూగర్భజలముతో పాఠశాలలను, ఇండ్లను వెచ్చజేయు పని సాగినది. మన దేశమున లద్దాఖులోని పూగా లోయలో 1973 నుండి పరిశోధనలు జరిగినవి. రక్తము గడ్డకట్టు చలిలో వేడి యూట నీటితో ఒక గుడిసెను వెచ్చజేసి చూపిరి.

సరే, వేడి యూట లేని ఊరివారి మాట యేమి? జగిత్యాలలో లేదు, పెద్దపల్లిలో లేదు, నిర్మలులో లేదు. మనకున్నది బావి అడుగునగల 27 డిగ్రీలు మాత్రమే. ఈ కొద్దిపాటి వెచ్చదనముతో గదిని కాచుట సాధ్యమా? ఇచ్చటనే మానవుని తెలివి ప్రవేశించినది.

మోట నెరిగిన పెద్దలకు నేను చెప్పునది వెంటనే బోధపడును. నీరు పల్లమునకే పారును. మెరకకు తనంతట తాను ఎక్కదు. బావిలోని నీటిని కాలువకు ఎక్కించుటకు ఎడ్లు మోట లాగవలయును. ఎడ్లు నీటిని పుట్టించుట లేదు. ఉన్న నీటిని పైకి తోడుచున్నవి. బావి ఎంత లోతైనచో ఎడ్లకంత శ్రమ. వేడిమి కూడ ఇట్టిదే. అది వేడి వస్తువు నుండి చల్లని వస్తువునకే పారును. చల్లని చోటు నుండి వేడి చోటునకు దానిని ఎక్కించుటకు ఒక యంత్రము కావలయును. ఆ యంత్రమే హీట్ పంపు. నేను దానిని వేడిమోట యని పిలుతును.

ఈ మోట యెట్లు పనిచేయును? సైకిలుకు గాలి కొట్టు పంపును తాకి చూచినవారికి అది వేడెక్కునని తెలియును. గాలిని నొక్కిన వేడి పుట్టును. నొక్కుడు సడలించిన చల్లబడును. వేడిమోటలో కొద్ది వెచ్చదనమునకే మరగిపోవు ఒక ద్రవముండును. భూమిలో పాతిన గొట్టములలోని నీరు తెచ్చు వేడిమిని త్రాగి ఆ ద్రవము ఆవిరియగును. విద్యుత్తుతో నడచు యంత్రమొకటి ఆ యావిరిని గట్టిగ నొక్కి 40, 50 డిగ్రీలకు వేడెక్కించును. ఆ వేడిమిని గదికి ధారపోసి యావిరి మరల ద్రవమగును. సన్నని రంధ్రము గుండ పోవుచు నొక్కుడు సడలి చల్లబడి, మరల భూమి వేడిమిని త్రాగుటకు వెళ్లును. ఇంటనుండు ఫ్రిజ్జు వెనుక చేయి పెట్టి చూడుడు; వెచ్చగా నుండును. లోపలి పాలలోనుండి తోడిన వేడిమియే అది. ఫ్రిజ్జు కూడ ఒక వేడిమోటయే. కాని దానియందు మనకు కావలసినది చల్లని కొన.

దీని చరిత్ర ముచ్చటైనది. చల్లదనము పుట్టించు ఇట్టి యంత్రమునకు జేకబు పెర్కిన్సు 1834లో ఇంగ్లాండులో పేటెంటు పొందెను. 1852లో విలియం థాంసను, తరువాత కెల్విను ప్రభువని ప్రసిద్ధికెక్కినవాడు, ఇట్టి యంత్రమునే త్రిప్పి నడపినచో ఇండ్లను వెచ్చజేయవచ్చునని లెక్కలతో చూపెను. బొగ్గును పొయ్యిలో నేరుగా కాల్చుటకంటె ఇది పొదుపని ఆయన వాదము. ఆ కాలమున బొగ్గు చవుక. ఆయన మాట ఎవరికిని పట్టలేదు. 1856 ప్రాంతమున ఆస్ట్రియా దేశమున పేటరు రిట్టింగరు ఉప్పునీటిని ఇగిర్చుటకు ఇట్టి యంత్రమును నిర్మించెను. భూమినుండి వేడిమిని తోడవచ్చునను ఉపాయమునకు స్విట్జర్లాండువాడైన హైన్రిఖు జోల్లి 1912లో పేటెంటు పొందెను. అదియు చాలకాలము కాగితము మీదనే నిలిచెను. 1938లో జూరిఖు నగర సభాభవనమును ప్రక్కన పారు లిమ్మతు నది నీటినుండి తోడిన వేడిమితో కాచిరి. 1948లో అమెరికాలోని పోర్టులాండు నగరమున ఒక పెద్ద భవనము బావినీటి వేడిమితో వెచ్చబడినది. 1973లో చమురు ధర ఆకాశమునకంటగా, స్వీడను మొదలగు దేశములు ఈ మార్గమును గట్టిగ పట్టినవి. ఈనాడు స్వీడనులో లక్షలాది ఇండ్లు భూమినుండి తోడిన వేడిమితో శీతకాలము గడపుచున్నవి.

1852లో వ్రాసిన మాట ఇంటింటికి చేరుటకు నూరేండ్లకు పైగా పట్టినది. చరిత్రలో మంచి యుపాయము వెంటనే గెలుచుట అరుదు. పాత పద్ధతి ఖరీదైనప్పుడే జనులు క్రొత్తదానిని వెదకుదురు.

దీని లాభమును మన లెక్కలో చెప్పెదను. విద్యుత్తుతో కాగు ఇనుప చుట్ట పెట్టి గదిని కాచినచో, ఒక పాలు విద్యుత్తునకు ఒక పాలు వేడిమియే వచ్చును. వేడిమోటకు ఒక పాలు విద్యుత్తు ఇచ్చినచో మూడు నాలుగు పాళ్ల వేడిమి గదికి చేరును. మిగిలిన పాళ్లు భూమి యిచ్చినవి. రామగుండము వంటి చోట బొగ్గు కాల్చి విద్యుత్తు చేయునప్పుడు బొగ్గులోని వేడిమిలో ఇంచుమించు మూడింట ఒక పాలే విద్యుత్తగును. మిగిలినది పొగగొట్టమునకును చల్లబరచు నీటికిని పోవును. ఆ నష్టమును వేడిమోట భూమినుండి పూడ్చి యిచ్చుచున్నది.

గాలినుండి తోడు వేడిమోటలును కలవు. కాని 8 డిగ్రీల గాలినుండి తోడుట లోతు బావి మోట వంటిది. 27 డిగ్రీల భూమినుండి తోడుట మెరక నీటి మోట వంటిది. శ్రమలో భేదము మీకు తెలిసినదే. వేసవిలో యంత్రమును త్రిప్పి నడపినచో గదిలోని వేడిమిని భూమికి పంపును. అప్పుడు 44 డిగ్రీల గాలిలోనికి కంటె 27 డిగ్రీల భూమిలోనికి త్రోయుట తేలిక. మన సీమకు ఇదియే పెద్ద లాభము. స్వీడనువారికి ఆరు నెలలు చలి; మనకు గట్టి చలి రెండు నెలలు, గట్టి యెండ మూడు నెలలు. ఒకే యంత్రము ఐదు నెలలు పనిచేయును.

ఇక దోషములను దాచరాదు. గొట్టములు పాతుటకు ఐదారడుగుల లోతున పొడవైన కందకములు తీయవలయును. లేదా 50 నుండి 100 మీటర్ల బోర్లు వేయవలయును. కరీంనగరున పడమటి భాగమంతయు నల్లరాతి నేల. ఆదిలాబాదు, నిర్మలు ప్రాంతమున నల్లరేగడి క్రింద గట్టి సాదురాయి. రాయి వేడిమిని చక్కగా నడిపించును గాని, దానిని తొలుచుటకు వ్యయమధికము. గోదావరి చెంతనున్న ఇసుకరాతి నేలలో తొలుచుట కొంత సులభము. బావినీటినే నేరుగా వాడుకొను పద్ధతి చవుకయే. కాని వాడిన నీటిని వృథాగ వదలక మరల భూమిలోనికి పంపవలయును. పంటకే నీరు చాలని చోట ఒక్క బొక్కెనయు వ్యర్థపరచుట పాపము. గొట్టములను మూసిన వలయముగ పాతినచో నీటి ఖర్చే యుండదు. విద్యుత్తు ఆగినచో యంత్రమును ఆగును.

కావున ప్రతి రైతు తన పెరటిలో వేడిమోట పెట్టుకొనవలెనని నేను చెప్పను. రెండు నెలల చలికై అంత వ్యయము సామాన్య గృహస్థునకు తగదు. కాని ప్రసూతి ఆసుపత్రులకు, గిరిజన బాలబాలికలు నిద్రించు ఆశ్రమ పాఠశాలల వసతి గృహములకు, వృద్ధాశ్రమములకు ఇది తగును. పదిమంది బిడ్డలు ఒకే కప్పు క్రింద వణకుచోట, ఒక్క బోరు వ్యయము పది ఇండ్ల వ్యయము కాదు. క్రొత్త భవనము కట్టునప్పుడు పునాదులకు త్రవ్విన గోతిలోనే గొట్టములు పరచినచో ఖర్చు మరింత తగ్గును. భవనము లేచిన తరువాత త్రవ్వుట పెండ్లి యైన పిదప ముహూర్తము చూచుట వంటిది. ఊరికి క్రొత్త ఆసుపత్రియో, వసతి గృహమో మంజూరైనప్పుడు ఈ మాటను ఇంజనీర్ల చెవిని వేయుట మీవంటి పెద్దల పని. కేవలము అడుగుట వలన నష్టము లేదు.

ఇంటియందు చేయదగినవి వేరు కలవు. మట్టిగోడల ఇల్లు ఉన్నవారు దానిని పడగొట్టుటకు తొందరపడవలదు. కప్పు బాగుచేసి, గోడలు నిలుపుకొనుడు. రేకుల ఇల్లు ఉన్నవారు రేకు క్రింద వెదురు తడికయో, పలకయో, గడ్డి చాపయో బిగించి, నడుమ జానెడు గాలి నిలుపుడు. నిలిచిన గాలి గొంగడి వంటిది. అయితే పొయ్యి ఉన్న గదిలో గడ్డిని కప్పునకు కట్టవలదు. ఉదయపు స్నానమునకు రాత్రి నింపిన గోలెము నీరు గాక అప్పుడు తోడిన నీరు వాడుడు. కట్టెలలో సగము మిగులును. కుంపటిని పడుకొనుటకు ముందే బయట పెట్టుడు. పసిబిడ్డ ఉన్న గదిలో తలుపులు మూసి బొగ్గులు ఉంచకుడు. బాలింతకు వెచ్చదనము కావలయును గాని పొగ కాదు. బిడ్డను తల్లి యొడలికి ఆనించి కప్పుట, దీనిని వైద్యులును మెచ్చుదురు.

మన సీమ నేల బొగ్గు నిచ్చినది. దానికై లోతులకు దిగిన కార్మికులు వెలుగును నాడెల్లకు పంచిరి. బొగ్గు ఒకసారి కాల్చినచో మరల రాదు. అడవి కట్టెయు నరికినంత వేగముగ పెరుగదు. కాని భూమియందు ప్రతి వేసవియు సూర్యుడు నింపిపోవు వెచ్చదనము ఏటేట మరల నిండును. అది కొద్దిపాటిది, నిదానమైనది, అందరి కాళ్ల క్రింద సమానముగ నున్నది. దానికి గుత్తేదారు లేడు. తోడుకొను నేర్పును, తోడునప్పుడు ఒద్దికయు మాత్రము మనకు కావలయును.

ఈ చలికాలమున మీ ఊరిలోని అందరికంటె పెద్ద ప్రాణమును, అందరికంటె చిన్న ప్రాణమును ఏ గదిలో పడుకొనుచున్నవో ఒకసారి చూచి రండు. చరిత్ర నేర్పిన దానిని మొదట అచ్చట వినియోగింపుడు.